పుంగనూరులో సముద్రం

పుంగనూరులో సముద్రం చూసి వచ్చానని చెబితే మా మదనపల్లె మిత్రులు ఒక్కరూ నమ్మలేదు. "పుంగనూరు ఆవును చూసి వుంటావులే. అది పొట్టి, మరి సముద్రం కూడా పొట్టిదేనా?" అని ఒకాయన వేళాకోళం చేశాడు. ఆయన వేళాకోళంలోనూ కొంత నిజం లేకపోలేదు. నేను చూసిన సముద్రం పొట్టిదే. పదిహేను అంగుళాల కంప్యూటరు తెర మీద, అంచులు కూడా తడవకుండా ఇమిడిపోయి వుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడు ఊళ్లకూ సముద్రంతో ఏనాడూ చుట్టరికం లేదు. తూర్పుకు తిన్నగా గీత గీసి కొలిస్తే మొదటి రెండూళ్లకూ ఇంచుమించు 180 కిలోమీటర్లు, కుప్పానికి 200 పైచిలుకు నేల అడ్డం. మాకు తెలిసిన నీళ్లు చెరువులోవి, బావిలోవి, బోరులోవి. అవి కూడా వానదేవుడు దయతలచిన ఏటనే. అటువంటి చోట ఒక ఆడపిల్ల ఇంట్లో కూర్చుని సముద్రాన్ని తయారుచేస్తున్నదంటే వింత కాదా మరి?

ఆ అమ్మాయి మా చెల్లెలి మనవరాలు. కుప్పంలో ఇంజనీరింగు పై చదువు చదువుతోంది. దసరా సెలవులకు పుంగనూరు వచ్చింది. నేను ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, చెల్లెలింటికి పోయినా ముందు పుస్తకాల వైపే చూపు పోతుంది. వసారాలో పాప కంప్యూటరు ముందు కూర్చుని వుంది. తెర మీద నీలంగా ఏదో కదులుతోంది.

"ఏం చేస్తా వుండావు పాపా?" అన్నాను.

"సముద్రం చేస్తా వుండా తాతా" అంది, కాఫీ చేస్తున్నానన్నంత తేలిగ్గా.

"సముద్రం ఎప్పుడన్నా చూసినావా?"

"ఎక్కడ చూసినాను? సినిమాలో చూసిందే" అని నవ్వింది.

విషయం ఏమిటంటే, సముద్రం మీదికి రాడారు కిరణం పంపితే తిరిగివచ్చే ప్రతిధ్వని ఎలా వుంటుందో కంప్యూటరులో అనుకరించి చూపడం ఆమెకు ఇచ్చిన పని. అంటే ముందు ఒక బూటకపు సముద్రం చెయ్యాలి. తరువాత దాని మీదికి ఒక బూటకపు రాడారు కిరణం పంపాలి. వచ్చిన ప్రతిధ్వనిని అసలు సముద్రం ఇచ్చే ప్రతిధ్వనితో పోల్చాలి. వినడానికి ఇంతే.

రాడారు సంగతి పాఠకులకు కొత్త కాదు. లోయ ముందు నిలబడి కేక వేస్తే కొండ బదులు పలుకుతుంది కదా, రేడియో తరంగంతో అదే పని చేయడం. సెకనులో పదిలక్షలవ వంతు ఆలస్యంగా జవాబు వస్తే, ఎదుటి వస్తువు 150 మీటర్ల దూరాన వున్నట్టు. విమానమైతే ఆకాశంలో ఒంటరిగా వుంటుంది, ఒక కేకకు ఒక జవాబు. సముద్రం అలా కాదు. లక్షోపలక్షల అలలు, ప్రతి అల మీదా ముడతలు, ముడతల మీద మరిన్ని ముడతలు. ఒక్క కేకకు అన్నీ కలిసి ఒకేసారి అరుస్తాయి. 1941లో బ్రిటిషు యుద్ధనౌకలకు పది సెంటీమీటర్ల తరంగాల రాడారు అమర్చి జలాంతర్గాములను వేటాడడం మొదలుపెట్టినప్పుడే ఈ బెడద తెలిసివచ్చింది. నీటిపైకి జానెడు తలపెట్టిన శత్రువును వెదకబోతే తెర నిండా అలలే మిణుకుమన్నాయి. ఆపరేటర్లు దానికి 'సీ క్లట్టర్' అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే సముద్రపు రొద.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వుంది. నీళ్లు అద్దంలాంటివి కదా, అద్దం మీద ఏటవాలుగా పడిన కిరణం ముందుకు పోవాలి గాని పంపినవాడి దగ్గరికి వెనక్కి ఎందుకు వస్తుంది?

దీనికి జవాబు కుప్పంలో రాళ్ల ఫ్యాక్టరీకి పోతే కళ్లారా కనిపిస్తుంది. కుప్పం గ్రానైటు చాలా ఊళ్లకు ఎగుమతి అవుతుంది కదా. రాత్రిపూట మెరుగు పట్టిన పలక మీదికి ఏటవాలుగా టార్చి వెయ్యండి. వెలుతురంతా జారిపోయి ఎదుటి గోడ మీద పడుతుంది, పలక మాత్రం మీకు నల్లగా కనిపిస్తుంది. పక్కనే వున్న మెరుగు పట్టని రాతి మీద వెయ్యండి. ఎక్కడ నిలబడినా రాయి తెల్లగా కనబడుతుంది. గరుకు వెలుతురును నలుదిక్కులా చల్లుతుంది, అందులో కొంత మీ కంటికీ చేరుతుంది. గాలి లేని సముద్రం మెరుగు పట్టిన పలక. గాలి తగిలిందా, గరుకు రాయి.

అయితే ఎంత గరుకు? ఇందులో ఒక ముచ్చట వుంది. రాడారుకు సముద్రం మీది అలలన్నీ ఒకే తీరుగా జవాబు చెప్పవు. ముఖ్యంగా ఒక కొలత అలలే చెబుతాయి. కిరణం నీటి ఉపరితలాన్ని రాసుకుంటూ పోతున్నప్పుడు, దాని తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం పొడవున్న అలలు వుంటే, ఒక్కొక్క శిఖరం నుంచి వచ్చే జవాబు మరొకదానితో అడుగు కలుపుతుంది. తేరు లాగేటప్పుడు వందమంది ఎవరికి తోచినప్పుడు వాళ్లు లాగితే చక్రం కదలదు. కేక అందుకుని అందరూ ఒకేసారి లాగితేనే కదులుతుంది. అలాగన్నమాట. స్ఫటికాలలో ఎక్స్‌రేలు ఇలా అడుగు కలపడాన్ని బ్రాగ్ తండ్రీకొడుకులు కనిపెట్టి 1915లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ సూత్రమే సముద్రంలోనూ పనిచేస్తున్నదని 1955లో న్యూజీలాండులో క్రోంబీ అనే ఆయన చూపించాడు.

ఆయన వాడినది 22 మీటర్ల తరంగం. అందులో సగం 11 మీటర్లు. 11 మీటర్ల పొడవున్న అల లోతు నీటిలో సెకనుకు నాలుగు మీటర్ల చిల్లర, అంటే గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మన సైకిలు వేగం. కుప్పం స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒక శ్రుతి, దూరమయ్యేటప్పుడు ఒక శ్రుతి కదా. ఈ అలల వల్ల కూడా ప్రతిధ్వని శ్రుతి రవంత మారాలి. లెక్క వేస్తే సెకనుకు 0.38 కంపనాల తేడా రావాలి, ఆయన కొలతలో వచ్చింది కూడా అంతే. నేను చాక్‌పీసు పట్టినన్నాళ్లూ అల వేగం సూత్రాన్ని బోర్డు మీద రాస్తూనే వున్నాను. దాన్ని ఒడ్డున కూర్చుని రేడియోతో సరిచూడవచ్చునని పుంగనూరు వసారాలో మనవరాలు చెబితే గాని నాకు తెలియలేదు.

ఇంతకూ సముద్రాన్ని ఎలా చెయ్యడం?

యుద్ధకాలంలో ఈ పని కోసం తొట్టి కట్టారు. విమానంలోని రాడారు తెర చూడడం కుర్రవాళ్లకు నేర్పాలి. రోజూ విమానం ఎక్కించి తిప్పితే పెట్రోలు చాలదు. అందుకని నీటితొట్టి అడుగున నేల నమూనా పరిచి, పైనుంచి చెవికి వినపడని సన్నని శబ్దాన్ని నీటిలోకి పంపారు. నీటిలో శబ్దం వేగం రేడియో తరంగం వేగంలో ఇంచుమించు రెండు లక్షలవ వంతు. కనుక తొట్టిలో ఒక సెంటీమీటరంటే బయట రెండు కిలోమీటర్లు. ఒక గదిలో ఒక దేశమే పట్టిపోయింది! అప్పుడు నీళ్లతో నేలను అనుకరించారు. ఇప్పుడు మా పాప నీళ్లు లేకుండా నీళ్లనే అనుకరిస్తోంది.

ఆమె పద్ధతి ఇది. ఫలానా గాలి ఎంతో సేపు విడవకుండా వీస్తే ఎంత పొడవు అలలు ఎంత బలంగా లేస్తాయో 1964లో పియర్సన్, మాస్కోవిట్జ్ అనే ఇద్దరు ఒక పట్టీ ఇచ్చారు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో వాతావరణ నౌకలు రాసుకున్న కొలతలు దానికి ఆధారం. గాలి సెకనుకు 10 మీటర్లయితే పెద్ద అలల ఎత్తు సుమారు రెండు మీటర్లు, గాలి రెట్టింపైతే అల నాలుగింతలవుతుంది, ఎనిమిది మీటర్లు దాటుతుంది. (తుపాను గాలి 'కొంచెం' పెరిగిందని రేడియోలో చెప్పినప్పుడు ఒడ్డునున్నవాళ్లు ఎందుకు అదిరిపడతారో నాకు ఈ లెక్క చూశాకనే తెలిసింది.) ఆ పట్టీ ప్రకారం వేలకొద్దీ సాదా అలలు తీసుకుని, ఏ అల ఎక్కడ మొదలుకావాలో పాచికలు వేసినట్టుగా నిర్ణయించి, అన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కూడుతుంది. ఒక్కొక్కటి చూస్తే బడిపిల్లవాడు గీసిన వంకర గీత. కూడితే, సముద్రం! 1997లో వచ్చిన 'టైటానిక్' సినిమాలో నీళ్లు కొన్ని ఈ పద్ధతిలో చేసినవే. మా పాప "సినిమాలో చూసిందే" అన్నప్పుడు తాను చూసింది ఇటువంటి లెక్కల సముద్రమేనని ఆమెకూ అప్పట్లో తెలియదు.

సినిమాకు కంటికి నిజమనిపిస్తే చాలు. రాడారు కన్ను ఇంకా గడుసుది. ఉపగ్రహం నుంచి చూసే రాడారు తరంగం రెండు సెంటీమీటర్ల చిల్లర. అది వెదికేది ఒకటిన్నర సెంటీమీటరు ముడతలను. మరి ఒక చదరపు కిలోమీటరు సముద్రాన్ని సెంటీమీటరుకొక చుక్క చొప్పున చెయ్యాలంటే ఎన్ని చుక్కలు కావాలి? వెయ్యి కోట్లు! అదీ ఒక్క క్షణానికి. మరుక్షణానికి మళ్లీ వెయ్యి కోట్లు. పాప కంప్యూటరు కాదు గదా, కుప్పంలో వున్న కంప్యూటర్లన్నీ తెచ్చినా చాలవు.

దీనికి 1968లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో రైట్ అనే ఆయన మంచి ఉపాయం చెప్పాడు. మదనపల్లెవాణ్ణి గనుక దాన్ని నీరుగట్టువారిపల్లె పట్టుచీరతో చెబుతాను. చీరలో రెండు రకాల ఎగుడుదిగుళ్లు వున్నాయి. కుచ్చిళ్లు పెద్దవి, నేతలోని గరుకు సన్నది. చీర తళుకు నేతలోనే వుంది. కాని ఏ మడత ఎటు ఒరిగితే తళుకు అటు మారుతుంది. చీర బొమ్మ గీసేవాడు పోగు పోగూ గీయడు. మడతలు గీసి, ఫలానా వాలులో ఈ నేత ఇంత తళుకుమంటుందని రంగు వేస్తాడు. సముద్రానికీ అంతే. పెద్ద అలలను నిజంగా చెయ్యాలి, ముడతలను మాత్రం సూత్రంలో పెట్టుకోవాలి. అల ముఖం రాడారు వైపు వాలినప్పుడు ప్రతిధ్వని పెరుగుతుంది, అవతలికి వాలినప్పుడు తగ్గుతుంది. వెయ్యి కోట్ల చుక్కలు లక్షల్లోకి దిగుతాయి.

ఇదంతా విన్నాక మా చెల్లెలు, "అంత సముద్రం చేసేదానికి బదులు చెరువుకాడికి పోయి చూసి రాకూడదా?" అంది. చదువుకోనివాళ్లు ఒక్కొక్కప్పుడు చాలా సబబుగా మాట్లాడతారు. సాయంకాలం ముగ్గురం ఊరి చెరువు కట్ట మీదికి పోయాము. వెన్నెల వచ్చింది. నీటి మీద చంద్రుడు ఒక బింబంలా కాకుండా వెడల్పాటి వెండిబాటలా పరుచుకున్నాడు. గాలి తగ్గితే బాట సన్నబడింది, గాలి రేగితే వెడల్పయింది. ఆ వెడల్పును కొలిచి నీటి వాలు చెప్పవచ్చు. 1951లో కాక్స్, మంక్ అనే ఇద్దరు హవాయి దీవుల దగ్గర విమానం నుంచి సముద్రం మీది ఎండ మెరుపులను ఫోటోలు తీసి ఆ పనే చేశారు. గాలి సెకనుకు 10 మీటర్లు వుంటే నీటి ముఖాల వాలు సగటున సుమారు 13 డిగ్రీలని వాళ్ల లెక్కను బట్టి తేలుతుంది. ఆ లెక్కనే పాప తన సముద్రంలో వాడుకుంది.

నేను ఊరకనే వుండలేక, ఇంటినుంచి వేరుసెనగనూనె ఒక చెంచాడు సీసాలో పోసి తెచ్చాను. మొదట గాలివాటున నిలబడి నూనె వదిలాను. చూస్తుండగానే ముడతలు అణిగి, ఒక నున్నని మడుగు చెరువులోకి సాగింది. అక్కడ వెండిబాట తెగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను దగ్గర క్లాపమ్ కొలనులో ఇలాగే ఒక చెంచా నూనెతో అర ఎకరం నీటిని అణిచాడు. నేటి రాడారు ఉపగ్రహాలు సముద్రంలో ఓడలు ఒలికించిన నూనెను పట్టుకునేది కూడా ఈ గుట్టుతోనే. నూనె వున్నచోట ముడత లేదు, ముడత లేనిచోట ప్రతిధ్వని లేదు, బొమ్మలో అక్కడ నల్లమచ్చ పడుతుంది. (నూనె వృథా చేసినందుకు మా చెల్లెలు నన్ను రాత్రి భోజనం దాకా సాధించింది.)

తిరిగివచ్చేటప్పుడు పాప అడిగింది: "తాతా, ఈ లెక్క నీకెందుకు ఇంత ఇష్టం? వేరేవాళ్లు ఐదు నిమిషాలు కూడా వినరు."

ఆమెకు చెప్పింది మీకూ చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఇరవైరెండేళ్లు. సహాయానికి పోయిన విద్యార్థులలో నేనొకణ్ణి. మనిషికి మూడింతల ఎత్తున నీళ్లు లేచి ఊళ్ల మీదుగా పోయాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు పదివేల దాకా వున్నారు. మేము చూసిన వాటి గురించి ఇప్పుడు రాయబోను. ఒక్కటి మాత్రం చెబుతాను. కొడుకులను పోగొట్టుకున్న ఒక ముసలి బెస్త, మాకు మంచినీళ్ల కుండ దించడానికి చెయ్యి సాయం పట్టి, "సముద్రం నడిమధ్యన గాలి ఎంతుందో ఎవరైనా పోయి కొలుస్తారా బాబూ?" అని అడిగాడు. నేను బి.ఎస్‌సి. పాసైనవాణ్ణి. నాకు జవాబు తెలియలేదు.

జవాబు, కొలవరు అనే. ఆ రోజుల్లో నడిసముద్రపు గాలి సంగతి తెలియాలంటే అటుగా పోయే ఓడ చెప్పాలి. తుపాను వుందని తెలిస్తే ఏ ఓడా అటు పోదు. తుపాన్లను కనిపెట్టే రాడారు విశాఖపట్నంలో 1970 నుంచీ వుంది గాని, అది చూసేది వాన మబ్బులను. ఉపగ్రహం బొమ్మలలో కనిపించేది మబ్బుల నెత్తి. నీటి ముఖం మీద గాలి చేసే ముడతలను చదివేవాడు లేడు.

ఏడు నెలల తరువాత, 1978 జూన్ 27న, అమెరికా వాళ్లు 'సీశాట్' అనే ఉపగ్రహాన్ని పంపారు. ముడతల ప్రతిధ్వనిని బట్టి సముద్రం మీది గాలిని కొలిచే రాడారు అందులో వుంది. పాపం, విద్యుత్తు లోపంతో అది అక్టోబరు 10నే మూగబోయింది. అయినా ఆ నూరు రోజుల్లోనే పని సాధ్యమని తేలిపోయింది. మన దేశం వంతు 2009లో వచ్చింది. సెప్టెంబరు 23న శ్రీహరికోట నుంచి, మా ఊళ్లకు తూర్పున వున్న ఆ దీవి నుంచే, పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 'ఓషన్‌శాట్-2'ను తీసుకుపోయింది. 720 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, నిమిషానికి ఇరవై చుట్లు తన పళ్లెం తిప్పుకుంటూ, సముద్రపు గరుకును తడిమి గాలి వేగమూ దిశా చెప్పేది. 2013 అక్టోబరులో 'ఫైలిన్' తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేముందు కూడా అది గాలులు కొలుస్తూనే వుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ పరికరం ఆగిపోయింది. 2016లో 'స్కాట్‌శాట్', 2022లో 'ఓషన్‌శాట్-3' అదే పని మీద వెళ్లాయి.

ఫలానా ప్రతిధ్వని వస్తే ఫలానా గాలి అని చెప్పాలంటే, ఏ గాలికి ఏ గరుకు, ఏ గరుకుకు ఏ ప్రతిధ్వని అన్నది ముందే తెలిసి వుండాలి. కొంత సముద్రంలో తేలే బోయాల కొలతలతో సరిపోల్చి తెలుసుకుంటారు. మిగతాది ఇలా దొంగ సముద్రాలు చేసి తెలుసుకోవలసిందే. మరీ పెద్ద గాలిలో నురుగు, తుంపర, కుండపోత వాన కలిసి లెక్కను చెడగొడతాయి. తుపాను నడుమ భాగంలో ఈ చిన్న తరంగాల రాడారు తడబడుతుంది. అసలు అవసరమైన చోటే అది తక్కువ చెబుతుందన్నమాట. అందుకే ఈ లెక్కలు ఇంకా ముగియలేదు.

ఇదంతా విని పాప ఏమీ అనలేదు. తెల్లవారి లేచి చూస్తే అప్పటికే కంప్యూటరు ముందు వుంది. మొహం మాత్రం వాడిపోయింది.

ఏమయిందంటే, 1993 నవంబరులో కెనడా వాళ్లు నోవాస్కోషియా తీరంలో ఒక కొండగట్టు మీద రాడారు పెట్టి సముద్రపు ప్రతిధ్వనులను నమోదు చేశారు. తేలే గోళం ఒకటి, మీటరు అడ్డకొలత గలది, తీగెల వల చుట్టి నీళ్లలో వదిలి, అలల మధ్య అది కనబడుతుందా అని చూశారు. ఆ కొలతలు లోకంలో ఎందరో విద్యార్థులకు పరీక్ష పేపరు లాంటివి. పాప తన సముద్రంలో అటువంటి గోళాన్నే వదిలింది. ఇట్టే దొరికింది. అసలు కొలతలలో అదే పద్ధతితో వెదికింది. గోళం ఒక్కటి వుండవలసిన చోట పది గోళాలు కనిపించాయి.

"నా సముద్రం మరీ సాధువు తాతా" అంది.

ఆమె లెక్కలో ముడతల మిలమిల వుంది, అది సెకనులో నూరో వంతులో మారిపోతుంది. కాని దాని కింద పెద్ద అలల ఊపు వుంది. అది నిదానంగా కొన్ని సెకన్ల పాటు మొత్తం ప్రతిధ్వనిని పెంచి దించుతుంది. పైగా విరిగే అల ఒక్కసారి కత్తిలా తళుక్కుమంటుంది. ఆ తళుకు సెకను పైగా నిలిచి, అచ్చం చిన్న పడవలాగే అభినయిస్తుంది. ఈ రెండు కదలికలనూ ఒకదానితో ఒకటి గుణించాలని 1981లో ఇంగ్లండులో వార్డ్ అనే ఆయన చెప్పాడు. పాప తొందరలో ఆ మెట్టు దాటేసింది.

"అయితే గీత కొంచెం పైకి పెట్టు. పెద్ద చప్పుడు వస్తేనే పడవ అనుకో" అన్నాను, పాత మేష్టరు ధోరణిలో.

"గీత పైకి పెడితే ఓడలు కనబడతాయి తాతా. చేపల పడవ కనబడదు. ఫైబరు పడవ జవాబు అలకంటే చిన్నది."

నేను మాట్లాడలేకపోయాను. చీకట్లో వచ్చే సరుకు ఓడ రాడారు తెర మీద, అలల రొదను తుడిచేసే మీట తిప్పినప్పుడు, దానితోపాటు ఆ పడవా తుడుచుకుపోతుంది. పడవలో వున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఓడలో వున్నవాళ్లకూ తెలియదు.

మిగిలిన సెలవులన్నీ ఆమె తన సముద్రాన్ని పొగరుబోతుగా చెయ్యడానికి ఖర్చు చేసింది. నేను నాకు చేతనయిన పని చేశాను. మూడు రేకులు ఒకదానికొకటి లంబంగా కలిసిన మూలలోకి కిరణం ఎటునుంచి పోయినా, మూడుసార్లు తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇది లెన్సూ అద్దమూ పాఠంలో నేను ప్రతి ఏడూ చెప్పినదే. రేకుల పని చేసే ఆయన దగ్గర కూర్చుని, మూలమట్టం పెట్టి చూసుకుంటూ, నడిమి నుంచి కొసకు అడుగు వుండే అల్యూమినియం రేకులు మూడు చీల్చి ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించాము. ఎనిమిది మూలలు ఏర్పడ్డాయి. మూడు సెంటీమీటర్ల ఓడ రాడారుకు ఒక్కొక్క మూల, తిన్నగా చూసినప్పుడు, లెక్క ప్రకారం ముప్పై నలభై చదరపు మీటర్ల వస్తువంత జవాబు చెబుతుంది. ఖర్చు మా చెల్లెలు ఒక పండక్కి పెట్టే పిండివంటలంత కూడా కాలేదు.

సంక్రాంతి దాటాక ముగ్గురం నెల్లూరు మీదుగా మైపాడు పోయాము. పాప సముద్రాన్ని చూడగానే పరుగెత్తుతుందనుకున్నాను. ఇసుకలో అలాగే నిలబడి, చాలాసేపు తల అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత చప్పుడు వుంటుందని ఎవరూ చెప్పలేదే" అంది.

చీకటితో వేటకు పోయే ఒక పడవవాడికి మా రేకు బుట్టను చూపించాము. కృష్ణపట్నం రేవుకు పోయే ఓడలు రాత్రుళ్లు ఎంత దగ్గరగా వస్తాయో అతను చెబుతూ, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని కట్టుకుంటే వలలో చేపలు పడతాయా అమ్మా?"

"చేపలు పడవన్నా, నువ్వు ఓడవాళ్ల కంట్లో పడతావు" అంది పాప.

అతను పెద్దగా నవ్వి, వెదురుగడ కొసకు తాడు వేసి నాలుగు ముడులు బిగించాడు. తెల్లవారుజామున పడవ అలలు దాటేదాకా చూశాము. రేకు రెండు మూడుసార్లు టార్చి వెలుగులో మెరిసింది, తరువాత కనబడలేదు. మా చెల్లెలు కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తోంది. పాప మాత్రం చేతిగడియారం మొహం దగ్గర పెట్టుకుని అలలు లెక్కపెడుతోంది.

"నిమిషానికి ఏడు తాతా" అంది. "నా దాంట్లో ఎనిమిది వచ్చింది."